తిరిగొచ్చిన డిస్కు

"ఐస్ ట్రేలో స్క్రూలేమిటండీ?"

"ఒక్కో గుంటలో ఒక్కోటి. కలిసిపోతే ఏది ఎక్కడిదో తెలియదు."

"మరి ఐస్ ఎక్కడ పెట్టను? మీ లాప్‌టాప్‌లోనా?"

కూతురు పకాలున నవ్వింది. తల్లి నవ్వలేదు. ఆ ట్రే కొత్తది.

తండ్రి తల ఎత్తితే ఒట్టు. కూతురి లాప్‌టాప్ నత్తతో పందెం వేస్తోందని కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కు తెచ్చాడు. పాతదాంట్లో ఉన్నదంతా దాంట్లోకి కాపీ చేసి, బిగించి, మీట నొక్కాడు.

తెర చటుక్కున వెలిగింది. అదే పూలబొమ్మ. అవే ఐకాన్లు, ఎక్కడివక్కడే.

"చూశారా, నలుసంత కూడా పోలేదు!" అని తండ్రి మీసం దువ్వుకున్నాడు.

పాత డిస్కు కావలసినవాళ్లు ఊరికే తీసుకెళ్లవచ్చని కాలనీ గ్రూపులో పెట్టాడు.

సాయంత్రమే ఒకావిడ వచ్చింది. భుజాన గుడ్డసంచి, వేళ్ల నిండా సిరా మరకలు.

"నా లాప్‌టాప్‌లో డిస్కు పాడైందండీ. పని మధ్యలో ఆగిపోయింది."

తల్లి గుమ్మంలోనే డిస్కు చేతికిచ్చి తలుపేసింది.

"ఊరికే అనేసరికి ఎక్కడెక్కడి వాళ్లో దిగుతారు."

మర్నాడు పొద్దున్నే కూతురు కెవ్వుమంది.

ఊరి లైబ్రరీలో పిల్లల విభాగం కట్టడానికి డిజైన్ల పోటీ పెట్టారు. ఆఖరికి ఇద్దరు మిగిలారు. అందులో తనొకతి. ఎల్లుండి పూర్తి డిజైను ఇచ్చేయాలి.

దాని ఐకాన్ తెర మీదే ఉంది. నొక్కితే లోపల ఏమీ లేదు.

పాత డిస్కులో రెండు భాగాలున్నాయి. తండ్రి కాపీ చేసింది ఒక్కటే. డిజైన్లన్నీ రెండోదాంట్లో ఉండిపోయాయి.

"అంటే తాళంచెవులు తెచ్చుకుని ఇల్లు వదిలేసి వచ్చారన్నమాట," అంది తల్లి.

తండ్రి ఆవిడ నంబరు వెతుకుతూండగానే బెల్లు మోగింది. ఆవిడే.

"చెరిపేయబోతూ 'లైబ్రరీ డిజైను' అన్న పేరు చూసి ఆగాను. ఎల్లుండే కదా గడువు. ముందిది కాపీ చేసుకోమనండి."

కూతురు డిస్కు అందుకుని లోపలికి పరిగెత్తింది.

తండ్రి కళ్లు చిన్నవి చేశాడు. "తెరిచి చూశారా?"

"లేదండీ. నేను చూడకూడదు."

"సరే. ఇక ఇది మా దగ్గరే ఉండనివ్వండి. మళ్లీ ఏం కొంప మునుగుతుందో."

ఆవిడ ఖాళీ గుడ్డసంచి భుజాన సర్దుకుంది.

"మంచిదండీ."

తల్లి మంచినీళ్లు తెచ్చేసరికి గుమ్మం ఖాళీ.

కూతురి డిజైనే గెలిచింది. లైబ్రరీలో రెండు డిజైన్లూ, గీసినవాళ్ల ఫోటోలూ గోడకు పెట్టారంటే వెళ్లి చూసొచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర తండ్రి హుషారు చెప్పనలవి కాదు.

"ఆర్కిటెక్టు గారికి ఇంకో గరిటె వడ్డించవోయ్!"

"ఆ పని నేనొక్కదాన్నే చెయ్యను నాన్నా. రెండో ఆవిడతో కలిసి చేస్తాను. లైబ్రరీ వాళ్లతో చెప్పేశాను."

గరిటె గాల్లోనే ఆగింది.

"గెలిచింది నువ్వు కదే!"

"ఆవిడ మొత్తం చేత్తో గీసింది. కిటికీలకు పిల్లల ఎత్తున అరుగులు పెట్టింది, పుస్తకం పట్టుకుని ఎక్కి కూర్చునేలా. నాకా ఊహే రాలేదు."

తల్లి కూతుర్ని కళ్లారా చూసుకుంది. ఇది ఇంత పెద్దదెప్పుడైంది?

"మంచి పని చేశావే తల్లీ. ఆవిణ్ణి రేపే భోజనానికి పిలువు."

"వస్తుందో రాదో అమ్మా."

"ఎందుకు రాదు? మనమెలాంటి వాళ్లమో ఆవిడకేం తెలుసని?"

కూతురు కంచంలోకి చూస్తూ నెమ్మదిగా అంది.

"తెలుసమ్మా, ఆ రోజు మన డిస్కు మనకిచ్చేసి వట్టి చేతులతో మెట్లు దిగింది ఆవిడే."