మోకాలికి దీపం నూనె

గుడిలో దీపం ఆరిపోయి ఉంది.

దాని ముందు ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు కూర్చుని, ప్రమిదలో వేళ్ళు ముంచి, తీరుబడిగా మోకాలికి నూనె రుద్దుకుంటున్నాడు.

గుమ్మంలో నిలబడి సదయ్య ఆ ఆరిన ఒత్తినే చూశాడు.

కార్తీకం మొదలైన నాడు తన చేత్తో వెలిగించిన దీపం అది. నెల నిండేదాకా ఆరనివ్వనని మొక్కుకున్నాడు. ఆరిందంటే, దేవుడు తిరిగిచ్చిన ప్రాణాన్ని మళ్ళీ పట్టుకుపోతాడని అతని భయం.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. వానాకాలంలో బొగ్గు బాయిలో కప్పు కూలింది. అందరూ పరుగు తీశారు. సదయ్య కాళ్ళు మాత్రం బొగ్గు కింద ఇరుక్కుపోయాయి. అరిచి అరిచి గొంతు పోయింది. ఇక చావే అనుకున్నప్పుడు దుమ్ములోంచి ఒక వెలుగు వచ్చింది. రెక్క పట్టి బయటికి గుంజింది. అంతవరకే అతనికి గుర్తు.

టోపీ లైటు కళ్ళలో పడితే వెనకున్న మొహం కనబడదని బాయి దిగే ప్రతివాడికీ తెలుసు. సదయ్యకూ తెలుసు. కానీ దవాఖానలో కళ్ళు తెరిచాక ఎవర్నడిగినా నేను కాదంటే నేను కాదన్నారు. బొగ్గు టబ్బుల దారి పక్కన పడి ఉంటే మోసుకొచ్చామన్నారు. మనిషైతే చెప్పుకోకుండా ఉంటాడా? వచ్చినవాడు వేములవాడ రాజన్నేనని, సాక్షాత్తూ ఆ శివుడేనని సదయ్య తేల్చేసుకున్నాడు.

అందుకే ఈ నెల నీసు లేదు, కల్లు లేదు. సోమవారాలు చుక్క పొడిచేదాకా మంచినీళ్ళు కూడా ముట్టడు. ఆ కడుపుతోనే బాయి దిగి బొగ్గు ఎత్తుతున్నాడు. ఇవాళా అలాగే మొదటి షిఫ్టు డ్యూటీ దిగి, మసి మొహంతోనే గోదావరి స్నానానికి వస్తూ, ఒడ్డున కార్మికుల లైన్లవాళ్ళు కట్టుకున్న ఈ రేకుల గుడిలోకి తొంగిచూశాడు.

"ఎవడ్రా నువ్వు?"

ఆ మనిషి ఉలిక్కిపడి చెయ్యి తీశాడు.

"కార్తీక దీపం నూనె రాస్తే నొప్పి పోతదన్నరు. దీపం గాలికి ఆరిందన్నా. మళ్ళ ముట్టిస్త."

మాట పూర్తికాకముందే సదయ్య తన్నాడు. బాయి బూట్లతో గుడిలో అడుగుపెట్టానన్న స్పృహ కూడా లేదు. మనిషి బోర్లా పడ్డాడు. ప్రమిద కింద పడి పగిలింది.

పగిలిన ప్రమిదను చూసేసరికి సదయ్యకు ఒళ్ళు తెలియలేదు. మూలనున్న వెదురు కర్ర అందుకున్నాడు. వీపు మీద కొట్టాడు. అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టాడు. జుట్టు పట్టి మెట్ల మీదకు ఈడ్చి, నూనె రాసుకున్న ఆ మోకాలి మీదే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడుకు నీళ్ళలో ఉన్న ఆడవాళ్ళు తలతిప్పి చూశారు.

అదే బాయిలో వేరే జాగాలో పనిచేసే ఎల్లేశం తడి బట్టలతో పరుగెత్తుకొచ్చి సదయ్య నడుం పట్టుకున్నాడు.

"సదన్నా, విడిచిపెట్టు. నీకు దండం పెడ్త."

కిందపడ్డవాడు ఆ పేరు విని తల ఎత్తాడు. నుదుటి నెత్తురు తుడుచుకుని, తనను కొడుతున్న మసి మొహంలోకి చూశాడు.

"సదయ్యవా నువ్వు?"

"నా పేరుతోని నీకేం పనిరా."

ఎల్లేశాన్ని విదిలించుకుని మళ్ళీ కొట్టాడు. ఈసారి దెబ్బ తల మీద పడింది. మనిషి మెట్ల మీంచి దొర్లి ఒడ్డు రాళ్ళ మీద పడ్డాడు. మళ్ళీ కదల్లేదు.

ఎల్లేశం ఏదో చెప్పబోయాడు. మూగిన జనంలో బాయిలో పనులు చూసే షిఫ్టు సర్దారు కనబడేసరికి నోరు మూసుకున్నాడు. నలుగురిని పిలిచి, ఆ మనిషిని బండిలో వేసుకుని దవాఖానకు తోలుకుపోయాడు.

సదయ్యకు జాలి కలగలేదు. దేవుడికి ఏం జవాబు చెప్పాలన్నదే అతని దిగులు. గోదావరిలో మునిగొచ్చి, కొత్త ప్రమిదలో ఒత్తి వేసి వెలిగించాడు. తప్పు తనది కాదని, ఆ దొంగవెధవదని చెంపలు వాయించుకుంటూ చెప్పుకున్నాడు. దీపం నిలకడగా వెలిగింది. రాజన్న శాంతించాడనుకున్నాడు.

చుక్క పొడిచింది. ఇంట్లో భార్య లస్మవ్వ విస్తరి వేసి వడ్డించింది. తనను బతికించినవాణ్ణి తలుచుకుని సదయ్య మొదటి ముద్ద కళ్ళకద్దుకున్నాడు.

గడప అవతల ఎల్లేశం నిలబడి ఉన్నాడు. అంగీ నిండా నెత్తురు. లస్మవ్వ లోపలికి రమ్మన్నా రాలేదు.

"పాణం పోయింది సదన్నా."

సదయ్య ముద్ద విస్తట్లో పెట్టేశాడు. అంతదాకా వస్తుందని అతను అనుకోలేదు. వాడెవడని మెల్లగా అడిగాడు.

"నా బావమర్ది. కొమురెల్లి."

అక్కను చూసి, కార్తీక స్నానం చేసి పోదామని నిన్ననే వచ్చాడట. ఎల్లేశం గోడకు ఆనుకుని తన తప్పంతా చెప్పుకొచ్చాడు. వానాకాలంలో తాను జ్వరంతో లేవలేకపోతే, నాగాలు పడి నౌకరి పోతుందని భయపడి, బావమర్దిని తన పేరు మీద బాయిలోకి పంపాడు. వాడు కాలు నలగ్గొట్టుకుని వస్తే, ఈ మోసం బయటపడుతుందని దవాఖానకు కూడా చూపించలేదు. గుట్టుగా ఊరికి పంపేశాడు. ఎవరికీ చెప్పనని అప్పుడే వాడి చేత ఒట్టు వేయించుకున్నాడు.

"ఏ నాటి ముచ్చటరా ఇది?" అన్నాడు సదయ్య.

ఎల్లేశం తల ఎత్తకుండానే చెప్పాడు.

"కప్పు కూలిన నాడు. అందరు బయటికి ఉరికితే, నీ కేకలు ఇని లోపటికి ఉరికింది వాడే సదన్నా."