వాగు ఒడ్డున తోడేలు

జూలుగాడు మందను కాసే కుక్క. గుట్ట కింద ఎండుగడ్డి, అవతల వాగు ఒడ్డున పచ్చగడ్డి. గొర్రెల్ని వాగు వైపు మళ్లించాలంటే కుక్క గుట్టెక్కి పైనుంచి అదిలించాలి. ఈ ఏడు జూలుగాడికి తుంటి పట్టేస్తోంది, గుట్ట ఎక్కలేడు. కుంటి కుక్క మాట ఏ గొర్రె వింటుందిలే అనుకుని, "వాగు దగ్గర తోడేలుంది" అని చెప్పేశాడు.

గొర్రెలు నమ్మాయి. ఎండుగడ్డే కొరికాయి. తల్లుల పాలు తగ్గి పిల్లలు రోజంతా అరుస్తుంటే జూలుగాడికి ముద్ద దిగలేదు. చివరికి, మెడలో గంటతో మందకు ముందు నడిచే ముసలి గొర్రె బొల్లమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"అత్తా, అక్కడ తోడేలు లేదు. నాకు తుంటి నొప్పి, అంతే."

బొల్లమ్మ నెమరు ఆపింది. "మీ నాన్నకూ ఇదే. మీ జాతిలోనే ఉంది ఆ నొప్పి. ఆయన మాతో చెప్పుకున్నాడు కాబట్టి మేమే సర్దుకున్నాం. పిల్లల కడుపు మాడ్చేదాకా దాచావేంట్రా?"

బొల్లమ్మ లేచి నిలబడింది.

"సరే, ముందు నేను పోతా. నువ్వు చదును నేల మీద వెనకాల రా. ఎవరైనా పక్కకి పోతే గట్టిగా అరువు. గొంతుకేం కాలేదుగా?"

గంట మోగింది. మంద వాగు దారి పట్టింది.

సాయంత్రం జూలుగాడు చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని పడుకుంటే, కడుపు నిండిన గొర్రెపిల్ల ఒకటి వచ్చి అడిగింది.

"మామా, ఇక్కడి తోడేలు ఎప్పుడు పోయింది?"

"మీ అవ్వతో నేను నిజం చెప్పినప్పుడు" అన్నాడు జూలుగాడు.