మలుపులో నెమ్మదించే బండ్లు

పైడితల్లి జామకాయలమ్మే మలుపులోనే ఆమె కొడుకు సూరప్పడు బండి మీద నుంచి పడి చనిపోయాడు. అతని బండిని చేసిన కంపెనీ బండ్లన్నీ ఒకదాని జ్ఞాపకాలు ఒకటి పంచుకుంటాయి. ఆనాటి నుంచి, ఎవరు నడుపుతున్నా, ప్రతి బండీ అక్కడికి రాగానే తనంతట తానే నెమ్మదించేది. పైడితల్లి ప్రతిదానికీ చెయ్యెత్తి, "ఎల్లిరా నాయినా" అనేది.

ఇవాళ ఆ కంపెనీ షోరూం మేనేజరు కొత్త మోడల్ మీద వచ్చి జామకాయలడిగాడు.

"గోతులు పూడ్చి రోడ్డు బాగుచేశారు కదమ్మా. ఈ మోడల్‌లో పాత భయాలన్నీ తుడిచేశాం. ఇక్కడ నెమ్మదించదు."

ఉప్పూకారం అద్దుతున్న చెయ్యి ఆగిపోయింది.

"మరి మా గుంటడు ఏటైపోతాడు బాబూ?"

అతను జవాబు చెప్పేలోగా ఇంకో కొత్త బండి మలుపు తిరిగింది. పైడితల్లి చెయ్యెత్తేసరికే అది వెళ్లిపోయింది.