చెంప మీద అయిదు వేళ్లు

"స్టోరులోంచి మాయం చేసిన పేలుడు మందు ఎవడికి అమ్మావురా?" అంటూ క్వారీ మేనేజరు డ్రైవర్ని కాలరు పట్టి గోడకేసి కొట్టాడు. డ్రైవరు పెదవి చిట్లి నెత్తురు కారింది.

"స్టోరు తాళంచెవి నా దగ్గరెందుకుంటుంది సార్!"

"ఆగన్నయ్యా, చంపేస్తావా ఏంటి?" చెల్లెలు మధ్యలోకి దూరింది. ఆమె కెమిస్టు. అన్న ఫోన్ చేస్తే, పేలుడు మందు అంటితే మోగేలా ల్యాబులో తాను తయారుచేసిన సెన్సారు పట్టుకుని వచ్చింది.

డ్రైవరు అరచేతులు చాపాడు. ఆమె సెన్సారు దగ్గర పెట్టింది. అది కిక్కురుమనలేదు.

"దిక్కుమాలిన డబ్బా! వీడి చేతుల నిండా డీజిలుందిగా, దానికైనా మోగాలిగా!"

ఆమె ఉలిక్కిపడి అన్న మొహంలోకి చూసింది. "డీజిలుకి మోగదన్నయ్యా. ఇందులో కంటికి కనబడనంత సన్నటి కార్బన్ గొట్టాలు, నానోట్యూబులున్నాయి. వాటికి నేను వేసిన పూత ఆ మందు ఒక్కదాన్నే పసిగడుతుంది. చెమటైనా, నెత్తురైనా దానికి పట్టదు."

"అయితే వీడు చేతులు కడిగేసుకున్నాడు!" అని లాగి చెంప మీద కొట్టాడు. డ్రైవరు తూలి ఆమె మీద పడ్డాడు. సెన్సారు అతని చెంపకు తగిలి కుయ్యిమని మోగింది.

"చూశావా!" అన్నాడు అన్న.

ఆమె సెన్సారును రెండో చెంప దగ్గర పెట్టింది. చప్పుడు లేదు. మళ్లీ దెబ్బ తిన్న చెంప దగ్గరికి తెచ్చింది. మోగింది. అక్కడ అయిదు వేళ్లు ఎర్రగా తేలి ఉన్నాయి.

ఆమె అన్న వైపు తిరిగింది.

"ఆ స్టోరు గడప తొక్కి ఏడాదైందని ఫోన్లో అన్నావు కదన్నయ్యా. ఏదీ, నీ చెయ్యి ఇటివ్వు."

ఇంకో దెబ్బకి లేచిన చెయ్యి మెల్లగా దిగి ప్యాంటు జేబులోకి వెళ్లింది.