పక్క సీటు బ్రేకు

"వెనక్కి వచ్చేటప్పుడు నా మాటే మీకు అద్దం."

డ్రైవింగ్ స్కూల్లో చేరిన ప్రతివాళ్ళకీ మాస్టారు చెప్పే మొదటి పాఠం అది. మరదలికీ అదే చెప్పాడు. ఆమె అక్షరాలా నమ్మింది. నమ్మి, మొన్న కారును వెనక్కి పోనిచ్చి గోడకు గుద్దింది. గోడకు ఆనించి ఉన్న వాచ్‌మన్ సైకిలు నుజ్జునుజ్జయింది. వాచ్‌మన్ వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు.

"ఆపమని అరిచాను. చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"నువ్వేం అనలేదు బావా. నీ కాళ్ళ దగ్గరున్న బ్రేకూ తొక్కలేదు."

"చేసిందంతా చేసి ఎదురు సమాధానమా?"

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరి ముందూ ఆమెకు 'పరధ్యానం' అని పేరు పెట్టాడు. లైసెన్సు పరీక్షకు పంపనన్నాడు. లైసెన్సు చేతికొస్తే గానీ ఆమెకు కొరియర్ వ్యాన్ ఉద్యోగం రాదని తెలిసే అన్నాడు.

చివరికి భార్య పోరు పడలేక మరదలితో కలిసి ఆస్పత్రికి వచ్చాడు. మెదడు అలలు చూసే గదిలో తెరమీద గీతలు పరుగెత్తుతున్నాయి. గట్టిగా ఊపిరి పీల్చి వదిలే తతంగమూ అయింది.

డాక్టరమ్మ తెరమీద ఒకచోట వేలు పెట్టింది. అంతవరకూ ఎవరి దారి వారిదే అన్నట్టున్న గీతలు అక్కడ ఒకే తాళానికి ఎగిరెగిరి పడ్డాయి.

"మెదడు లోతుల్లో థాలమస్ అని చిన్న భాగం ఉంటుంది. బయటి కబుర్లలో ఏది లోపలికి పోవాలో చూసే కాపలాదారు అనుకోండి. దానికీ పైపొరకూ మధ్య లయ తప్పితే కాసేపు తలుపు మూసుకుంటుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, ధ్యాస ఉండదు. అలా జరిగిందని ఆ మనిషికే తెలియదు."

"అంటే, నిర్లక్ష్యం కాదా?" అన్నాడు మాస్టారు.

"కాదు, జబ్బు. మందులున్నాయి. అదుపులోకి వచ్చేదాకా బండి జోలికి మాత్రం పోకూడదు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. నలుగురిలో తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. మరదలి మొహం చూడలేకపోయాడు.

"కదలొద్దు, పరీక్ష ఇంకా అవలేదు," అన్నాడు టెక్నీషియన్.

"ఒక్క ప్రశ్న," అంది డాక్టరమ్మ. "ఊపిరి పీలుస్తున్నప్పుడు, సరిగ్గా ఈ గీతలు ఎగిరినచోట, నేనో రంగు పేరు చెప్పాను. ఏమిటది?"

అన్నిటికీ తనే జవాబు చెప్పడం అలవాటైన మాస్టారే ముందు అందుకున్నాడు. "మీరేం అనలేదు డాక్టర్ గారూ."

"పసుపు అన్నారు బావా," అంటూ మరదలు, అతని తలకు అంటించిన తీగల్లో కంటికి అడ్డం పడిన ఒకదాన్ని మెల్లిగా పక్కకు తప్పించింది.