చిప్స్ కొట్టు ముందరి పలక

"మీ ఆయన పేరుని జనం బూట్లతో తొక్కుకుంటూ పోతున్నారు మిసెస్ క్లెగ్. చూడలేకపోతున్నాం," అన్నాడు ఫార్నబీ.

అతడు పియర్ పరిరక్షణ సంఘానికి కార్యదర్శి. పియర్ అంటే శాండ్‌హోమ్ సముద్రంలోకి పొడుచుకుపోయిన విహారవంతెన. కాళ్లు తడవకుండా సముద్రం మీద నడిచామని చెప్పుకోవడానికి తాతలు కట్టించుకున్నది. ఏ ఒడ్డుకూ చేరనిది. దాని ఘనచరిత్ర అంతా కలిపితే కొన్ని అగ్నిప్రమాదాలు, దారితప్పి వచ్చి గుద్దిన ఒక ఓడ, లెక్కలేనన్ని రంగుపూతలు. ఇనుపకాళ్లను ఉప్పు తింటుంది. సంఘం రంగు పూస్తుంది. ఉప్పు ఆ రంగునూ తింటుంది. ఈ మహాకార్యానికి విరాళాలు చాలక, సంఘం చివరికి నేలపలకలనే అమ్మకానికి పెట్టింది. కొన్నవారు గతించిన తమవారి పేరును పలక మీద చెక్కించుకోవచ్చు.

మిసెస్ క్లెగ్ ఏరికోరి కొన్న పలక, చిప్స్ కొట్టు ఎదుట ఉంది. 'రెజినాల్డ్ క్లెగ్. ఏదీ మరువలేదు. నీ భార్య.' ఇప్పుడు అక్షరాలు సగం అరిగాయి, కర్ర పుచ్చింది.

"కొత్త పలకని అదిగో, ఆ చివర గోడకి బిగించి అద్దం పెట్టిస్తాం. ఎంత గౌరవంగా ఉంటుంది!"

"ఆ మూలకి ఎవడొస్తాడు నాయనా, రెట్టలేసే పక్షులు తప్ప?"

"ఇక్కడ మాత్రం ఏముందండీ? చిప్స్ నూనె, కారిన ఐస్‌క్రీమ్... మొన్నయితే ఓ కుక్క ఏకంగా..."

"చూశాలే. దానికి బిస్కెట్ కూడా పెట్టాను."

ఫార్నబీ ఇంతటి క్షమాగుణం ఈ రోజుల్లో అరుదని చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. అతడు దేనికైనా ఉపన్యాసం ఇవ్వగలడు.

"అయినా సంఘం తీర్మానించేసిందండీ," అన్నాడు చివరికి.

"తీర్మానాలు తప్ప మీకు చేతనైందేముంది? కొన్నవాళ్ల సంతకం లేందే పలక కదిపేది లేదని మీరే రాసిచ్చారు. నేను పెట్టను. మా ఆయన ఇక్కడే ఉండాలి, జనం మధ్యన. ఈసారి అక్షరాలు లోతుగా చెక్కించు, తొందరగా అరక్కుండా."

"ఆయనంటే మీకెంత ప్రేమండీ!" ఫార్నబీ జేబురుమాలు తీశాడు.

"ముందు ఆ ముక్కు తుడుచుకుని, పోయి వడ్రంగిని పిలుచుకురా."

వారం తిరిగేసరికి కొత్త పలక పాత చోటే బిగిసింది. ఆమెను భర్త జ్ఞాపకాలతో ఏకాంతంగా వదిలేయాలని, ఫార్నబీ టోపీ తీసి గుండెకు ఆనించుకుని, మునివేళ్ల మీద దూరంగా జరిగాడు.

మిసెస్ క్లెగ్ అటూ ఇటూ చూసి, ముప్పైయేళ్లపాటు తన వీపు మీద బూటుకాలు మోపిన మనిషి పేరు మీద మడమ ఆనించి, మెల్లగా, తృప్తిగా నలిపింది.