కొత్త కారుకి పూజ

"బావా, ఆ బుల్లి కారేసుకుని మాత్రం మా ఇంటికి రాకు," అన్నాడు ఫోనులో త్రినాధరావు. "ఎల్లుండి మా అమ్మాయి దివ్య నిశ్చితార్థానికి వైజాగు నుంచి పెద్దపెద్దోలొత్తన్నారు. వాళ్ల ముందు మా సెల్లిని ఆ డబ్బాలోంచి దింపితే నా పరువేటి కావాల? ఇద్దరూ బస్సులో వచ్చీండి. కోటపాడు జంక్షన్‌కి నా పెద్ద బండి పంపుతాను."

పరదేశికి ఒళ్లు మండిపోయింది. షోరూంవాళ్లు కొత్త కారు తాళం చేతిలో పెట్టి ఇంకా ఐదు నిమిషాలు కాలేదు. రెండు నెలలు పేరు రాయించుకుని కాచుకుంటే వచ్చిన కారు అది.

"లీటరుకి పాతిక కిలోమీటర్లు ఇత్తాది బావా ఇది. నీ పెద్ద బండి తొమ్మిదిచ్చీసరికి ఆపసోపాలు పడతాది."

"మైలేజీ సూసి ఎవడైనా మర్యాదిత్తాడేటి?" అని త్రినాధరావు ఫోను పెట్టేశాడు.

పక్కనే నిలబడ్డ పైడితల్లి అంతా వింది. స్వయానా అన్నగారి మాట. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా మొగుడు పాత జీపుని ఇంట్లో పెట్టి, మునగపాక నుంచి అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి ఆటోలో వేలాడుతూ రావడం చూడలేక, జీపు ఇచ్చేసి చిన్న కారు తీసుకుందామన్నది ఆవిడే. ఇప్పుడు పుట్టింటి గుమ్మం ఎక్కాలంటే ఆవిడ బస్సెక్కాలట. కళ్ల నీళ్లు ఆగలేదు.

"ఏడవకే," అన్నాడు పరదేశి. "ఈ కారులోనే ఎల్తాం. మీ అన్నియ్య గుమ్మానికి ఎదురుగానే ఆపుతాను. ముందు నూకాలమ్మ కాడ పూజ సేయిద్దాం, పద."

గుడి ముందు ఖాళీలో కారు పెట్టి ఇద్దరూ దర్శనానికి వెళ్లారు. అరగంట తర్వాత పూజారిని వెంటబెట్టుకుని బయటికి వచ్చారు. తెల్లటి కారు ఎండకి తళతళలాడుతోంది. అద్దం మీద షోరూంవాళ్లు కట్టిన ఎర్ర రిబ్బను అలాగే ఉంది. నెంబరు ప్లేటు ఇంకా రాలేదు.

పూజ జోరుగా మొదలైంది. పైడితల్లి కళ్లు తుడుచుకుని తలుపు తలుపుకీ పసుపు రాసి బొట్లు పెట్టింది. పూలకొట్టు తాతబ్బాయి చేత పరదేశి అన్నిటికన్నా పెద్ద బంతిపూల దండ కట్టించి ముందు వేయించాడు. పూజ చూడ్డానికి పదిమంది చేరేసరికి ఆయన గొంతు దానంతటదే పెరిగింది.

"పెద్ద కార్లున్నోలంతా పెట్రోలు బంకు కాడ తలొంచుకుని నిలబడతన్నారు. నేను తలెత్తుకుని ఎల్తాను. సిన్న కారని సిన్నసూపు సూత్తే సూడనీ!"

నలుగురూ అవునన్నారు. పైడితల్లికి కూడా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కొంగు సవరించుకుని, కారు పక్కన కాస్త నిటారుగా నిలబడింది.

పూజారి నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. "ఎక్కండి బాబూ. వాటిని తొక్కించి ముందుకి పోనివ్వండి," అన్నాడు.

పరదేశి దర్జాగా జేబులోంచి తాళం తీసి దాని మీటని నొక్కాడు. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. కారు ఉలకలేదు, పలకలేదు. అక్కడికి రెండు కార్ల అవతల, వ్యాను చాటున, మరో తెల్ల కారు మాత్రం కీక్‌మని లైట్లు వెలిగించింది. మూడోసారి నొక్కితే అది మూడోసారీ కీక్‌మంది. దాని అద్దం మీదా ఎర్ర రిబ్బనే ఉంది.

"అయ్యో, మనది అదండీ!" అని పైడితల్లి నోటిమీద చెయ్యేసుకుంది.

చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. పూజారి గంట కింద పెట్టి, "నన్ననకండి. ఈ మధ్య ఏ కారుకి చేసినా ఇదే రకం, ఇదే తెలుపు. మీరు చూపించారు, నేను చేశాను," అన్నాడు.

"మరిదెవరిదండీ?" అన్నాడు తాతబ్బాయి.

పరదేశి మొహం కందగడ్డలా అయింది. ఒక్క క్షణమే. తల తిప్పి చూస్తే పైడితల్లి మళ్లీ దిగాలుపడేలా ఉంది. అది చూశాక ఆయన ఛాతీ మళ్లీ పొంగింది.

"ఎవరిదైతే ఏటి? దండ తియ్యకండి. ఎవరో గానీ మనలాగే బుర్రున్న మనిషి. పూజ ఆయనకే ఉంచీండి, మనది మళ్లీ సేయించుకుందాం. ఆయనొచ్చేదాకా ఇక్కడే ఉంటాను. వచ్చాక ఆయనకి ఒకటే సెప్తాను: ఈ కారు కొన్నావని ఎవడైనా నిన్ను సూసి నవ్వితే, ఆడి పేరు నాకు సెప్పు బాబూ, ఆడి గుమ్మం ముందుకెల్లి అడుగుతానని మాటిత్తాను!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. తాతబ్బాయి చప్పట్లు కూడా కొట్టాడు. పైడితల్లి గర్వంగా వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

అంతలో దండ వేసిన కారు కీక్‌మంది. అన్ని తెల్ల కార్లలో తనదేదో పోల్చుకోలేక ఎవరో దూరం నుంచే తాళం నొక్కుతున్నారు. జనం పక్కకి తప్పుకుని వెనక్కి తిరిగి చూశారు.

గుడి మెట్ల మీద, ఒక చేతిలో కొబ్బరికాయ, రెండో చేతిలో కారు తాళంతో, ముందుకి రాలేక వెనక్కి పోలేక నిలబడిపోయి ఉన్నాడు త్రినాధరావు.